పిల్లికి షుగర్ వస్తే: ఏ మందు, ఏ సిరంజి, ఏ తిండి, దేనికి ముందు డబ్బు పెట్టాలి

మా కిట్టయ్య ఇసుక ట్రే చుట్టూ చీమలు బారులు తీరితే ముందు కనిపెట్టింది అమ్మే. "మీ నాన్నకి షుగర్ బయటపడిందీ ఇలాగే, బాత్రూంలో చీమలు పట్టి. వీణ్ణి ఓసారి డాక్టర్‌కి చూపించు" అంది. అప్పటికే నెల రోజులుగా వాడు గిన్నెడు నీళ్ళు తాగేసి మళ్ళీ వెళ్ళి కుళాయి కింద కూర్చుంటున్నాడు, తిండి ఎప్పటికంటే ఎక్కువే తింటున్నాడు, అయినా వీపు మీద చెయ్యి వేస్తే వెన్నెముక తగులుతోంది. వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనించి నడుస్తుంటే తొమ్మిదేళ్ళు వచ్చాయి కదా, ముసలితనం అనుకున్నాం. ముసలితనం కాదు. షుగర్ చాలాకాలం అదుపు తప్పితే కాళ్ళ నరాలు దెబ్బతిని పిల్లులు అలా నడుస్తాయి. అదుపులోకి వస్తే చాలా పిల్లుల్లో ఆ నడక మెల్లగా సర్దుకుంటుంది, మా వాడికి మూడు నెలలు పట్టింది.

మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు. ఇక్కడ ఆవుకి, గేదెకి, మేకకి ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు అడిగినంతమంది దొరుకుతారు గానీ షుగర్ ఉన్న పిల్లిని ఇంట్లో పెట్టుకుని చూసుకున్నవాళ్ళు నాకు ఒక్కరు కూడా తగల్లేదు. పదకొండు నెలలుగా రోజుకి రెండుసార్లు సూది వేస్తూ, చెవి గుచ్చి షుగర్ చూస్తూ, తప్పులు చేసి దిద్దుకుంటూ నేర్చుకున్నది రాస్తున్నాను. డోసు ఎంత అన్నది మాత్రం మీ డాక్టర్ చెప్పాల్సిందే, అది నేను చెప్పను. దేన్ని దేనితో పోల్చి చూసుకోవాలి, మన ఊళ్ళలో ఉండేవాళ్ళకి ఏది కుదురుతుంది అన్నదే నా విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇన్సులిన్ ఏ కంపెనీది అని తల బద్దలు కొట్టుకునే ముందు ఇంట్లో షుగర్ కొలిచే ఏర్పాటు చేసుకోండి. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే ఖరీదైన తిండికి కాదు, దానికి పెట్టండి.

ముందు అది షుగరేనా

పిల్లి భయపడితే చాలు షుగర్ ఎగబాకుతుంది. బుట్టలో పెట్టి, ఆటోలో కుదుపుల మధ్య తీసుకెళ్ళి, పక్కన కుక్కలు మొరుగుతుంటే బల్ల మీద పట్టుకుని రక్తం తీస్తే, ఏ జబ్బూ లేని పిల్లికి కూడా 250, 300 రావచ్చు. అందుకని ఒక్క రక్తపరీక్ష చూసి మందు మొదలుపెట్టకూడదు. మూత్రంలో కూడా చక్కెర పడుతోందా అన్నది చూడాలి, వీలైతే ఫ్రక్టోసమీన్ పరీక్ష చేయించాలి. అది గత వారం రెండు వారాల్లో షుగర్ సగటున ఎలా ఉందో చెబుతుంది, ఆ రోజు పడ్డ భయం దాన్ని మార్చలేదు. మనుషులకి చేసే హెచ్‌బీఏ1సీ లాంటిదన్నమాట, కాకపోతే మూడు నెలలది కాదు.

ఇంకొకటి, అంతకుముందు పిల్లికి ఏమేం ఇంజెక్షన్లు వేయించారో గుర్తు తెచ్చుకోండి. కిట్టయ్యకి చర్మం దురద అని ఆరు నెలల్లో మూడుసార్లు చాలా రోజులు పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. ప్రతిసారీ రెండు రోజుల్లో దురద తగ్గిపోయేది, మేమూ సంతోషించాం. స్టెరాయిడ్ వల్ల షుగర్ రావచ్చని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ చేయించిన మగ పిల్లి, ఆరు కేజీల పైన బరువు, ఇంట్లోంచి కదలడు, దాని మీద స్టెరాయిడ్. ఇన్ని కారణాలు ఒకేచోట చేరాయి. ఆ మందు ఆపేస్తే కొన్ని పిల్లులకి ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోతుంది కాబట్టి ఈ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

మాత్రా, సూదా

అందరూ మొదట అడిగేది ఇదే, నేనూ అడిగాను. సూది అంటే భయం, మాత్ర అయితే చేపముక్కలో పెట్టి ఇచ్చేయొచ్చు అనుకున్నాను.

మనుషులకి ముందుగా రాసే మెట్‌ఫార్మిన్ ఒక్కదాంతో పిల్లికి పెద్దగా ఉపయోగం లేదు. గ్లిపిజైడ్ కొద్ది పిల్లుల్లోనే పనిచేస్తుంది, వాంతులు చేయిస్తుంది, లివర్ మీద పడుతుంది. ఇక కొత్తగా వచ్చిన రకం ఉంది, కిడ్నీల ద్వారా చక్కెరని మూత్రంలోకి పంపించేసేది. అమెరికాలో పిల్లుల కోసమే బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకి 2022 డిసెంబరులో అనుమతి వచ్చింది, బెక్సాక్యాట్ అన్నది దాని బ్రాండు పేరు. ఆ తరువాత 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్ అనే నోట్లో వేసే మందుకి వచ్చింది, దాని పేరు సెన్వెల్గో. రెండూ రోజుకి ఒక్కసారే. వినడానికి ఎంతో బావుంటుంది. కానీ అవి కొత్తగా షుగర్ బయటపడి, బాగా తింటూ, మిగతా ఆరోగ్యమంతా సరిగా ఉండి, అంతకుముందు ఇన్సులిన్ వాడని పిల్లికే. వాటితో ఉన్న అసలు ప్రమాదం ఏంటంటే, ఒంట్లో ఇన్సులిన్ బొత్తిగా లేని పిల్లికి ఇస్తే షుగర్ మామూలుగానే కనిపిస్తూ లోపల కీటోన్లు, అంటే ఒళ్ళు కొవ్వుని కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు, పెరిగి ప్రాణం మీదకి వస్తుంది. మిషన్‌లో 140 చూసి అంతా బాగానే ఉందనుకుంటాం, పిల్లి మాత్రం తిండి మానేసి మూల పడుకుంటుంది. అందుకే ఆ మందు వాడితే కీటోన్లు, లివర్, కిడ్నీ పరీక్షలు డాక్టర్ చెప్పిన రోజుల్లో చేయించి తీరాలి. పరీక్ష కోసం వంద కిలోమీటర్లు వెళ్ళాల్సిన ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇది ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్ళ డబ్బాలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉంటాయి, అదే జాతి మందు కదా అని ముక్క విరిచి పిల్లికి వెయ్యకండి. చాలామందికి ఈ ఆలోచన వస్తుందని నాకు తెలుసు, నాకూ వచ్చింది.

మొత్తం మీద ఇన్సులినే నా ఎంపిక. పైగా సూది మీరు భయపడినంత కష్టం కాదు, ఆ సూది వెంట్రుక అంత సన్నం. పక్కటెముకల దగ్గర చర్మం గుడారంలా పైకెత్తి, ఆ మడతలోకి గుచ్చితే వాడు తింటున్న గిన్నెలోంచి తల కూడా ఎత్తడు. మాత్ర మింగించడానికి నోరు తెరిపించేటప్పుడే నా చేతులకి గాట్లు పడ్డాయి, సూదికి ఒక్కటీ పడలేదు.

ఏ ఇన్సులిన్

గ్లార్జిన్. లాంటస్, బాసలాగ్, గ్లారిటస్ ఇవన్నీ అదే మందు, మనుషులు వాడేదే, విజయనగరంలో, శ్రీకాకుళంలో పెద్ద మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. పిల్లి ఒంట్లో మెల్లగా, సమంగా పనిచేస్తుంది, పన్నెండు గంటలకోసారి వేస్తే రోజంతా అందుతుంది. జబ్బు బయటపడ్డ కొత్తలోనే ఇది మొదలుపెట్టి, పిండిపదార్థం తక్కువున్న తిండి ఇస్తే కొన్ని పిల్లులకి కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. మనుషులతో పోల్చితే పిల్లులకి ఉన్న అదృష్టం ఇది, అందుకే ఆలస్యం చెయ్యొద్దంటారు.

పశువైద్యం కోసమే చేసిన క్యానిన్సులిన్ ఉంది. పంది ఇన్సులిన్‌తో చేసేది, పిల్లులకి కూడా వాడతారు. తప్పేమీ లేదు, కానీ కొన్ని పిల్లుల్లో పన్నెండు గంటలు నిలవదు, వేసిన నాలుగైదు గంటలకి షుగర్ బాగా దిగి తరువాత మళ్ళీ ఎక్కేస్తుంది. అయిపోయిన ప్రతిసారీ తెప్పించుకోవడం కూడా ఒక పని. మీ డాక్టర్ దగ్గర ఎప్పుడూ ఉంటుంది, ఆయన దాంతోనే అనుభవం ఉన్నవాడు అంటే మాత్రం వాదించకండి. డాక్టర్‌కి చెయ్యి తిరిగిన మందు మంచిదే.

ఎన్‌పీహెచ్ రకం, అంటే ఇన్సులటార్డ్, హ్యూమిన్సులిన్ ఎన్ లాంటివి, చవక. పిల్లి ఒంట్లో త్వరగా అయిపోతుంది, అందుకని షుగర్ ఉయ్యాల ఊగినట్టు ఊగుతుంది. గ్లార్జిన్ కొనే స్తోమత నిజంగా లేకపోతే ఏ ఇన్సులినూ లేనిదానికంటే నయం, అది డాక్టర్‌తో మొహమాటం లేకుండా మాట్లాడండి. నాన్నగారి ఫ్రిజ్‌లో ఉండే 30/70 మిక్స్, అంటే రెండు రకాల ఇన్సులిన్ కలిపింది, మాత్రం వద్దు.

సిరంజి దగ్గరే అసలు ప్రమాదం

ఈ భాగం ఒక్కటి చదివి మిగతాది వదిలేసినా నాకు ఫర్వాలేదు.

మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో అమ్ముతారు. సీసాల్లో వచ్చే మామూలు ఇన్సులిన్ చాలావరకు ఒక ఎంఎల్‌కి 40 యూనిట్లు. గ్లార్జిన్, పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జిలు ఒక ఎంఎల్‌కి 100 యూనిట్లు. దేని సిరంజి దానికుంది. 40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత. ఇప్పుడు 100 బలం ఉన్న గ్లార్జిన్‌ని 40 సిరంజిలో ఒక గీత దాకా లాగారనుకోండి. పిల్లికి వెళ్ళేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. మనిషికి ఇరవై యూనిట్లలో ఒకటిన్నర ఎక్కువైతే ఏదో గడిచిపోవచ్చు, ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టే నాలుగు కేజీల పిల్లికి రెండున్నర రెట్లు పడితే షుగర్ పడిపోయి ఫిట్స్ రావచ్చు, ప్రాణం పోవచ్చు.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. మొదటి రోజు షాపులో గ్లార్జిన్‌తో పాటు నా చేతిలో పెట్టింది ఎర్ర మూత సిరంజిల పొట్లమే. ఊళ్ళో ఎక్కువమంది కొనేది అదే కాబట్టి ఆ అబ్బాయి చెయ్యి అలవాటుగా దాని మీదకే వెళ్ళింది. ఇంటికొచ్చి మందు డబ్బా మీద 100 అని, సిరంజి మీద 40 అని చూసి, ఏదో తేడాగా ఉందే అనిపించి డాక్టర్‌కి ఫోటో పంపాను. "వెయ్యకండి, మార్చుకురండి" అని వెంటనే ఫోన్ చేశారు. ఆ పూట సూది వెయ్యనేలేదు. ఒక్క పూట తప్పితే ఏమీ కాదు, ఎక్కువ పడితేనే అవుతుంది.

కాబట్టి రంగు ఒక్కటీ చూడకండి, డబ్బా మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, కొన్న ప్రతిసారీ చూడండి. గ్లార్జిన్‌లోనే 300 బలం ఉన్న తూజియో అని ఇంకొకటి ఉంది, పొరపాటున అది ఇవ్వలేదు కదా అని కూడా చూసుకోండి.

పెన్నా సిరంజా అంటే, పెన్ను వాడటం తేలిక, చూపు ఆననివాళ్ళకి టిక్కు టిక్కుమని లెక్క వినిపిస్తుంది. కానీ మామూలు పెన్నులో ఒక్కో యూనిట్ చొప్పునే పెరుగుతుంది, పిల్లి డోసు ఒకటి నుంచి ఒకటిన్నరకి, ముప్పావు నుంచి అర్ధకి మారుతూ ఉంటుంది. అర యూనిట్ పెన్నులు ఉన్నాయి, దొరికితే మంచిదే. నేను మాత్రం 0.3 ఎంఎల్ సిరంజి, అర యూనిట్ గీతలున్నది వాడుతున్నాను, కార్ట్రిడ్జి రబ్బరు మూతలోంచి దాంతోనే లాగుతాను. కిట్టయ్యకి ఇప్పుడు పూటకి ఒకటిన్నర. ఆ గీతలు చూడటానికి వెలుతురు బాగుండాలి, అమ్మ అయితే భూతద్దం పెట్టుకుంటుంది.

గ్లార్జిన్ నీళ్ళలా తేటగా ఉండాలి, కుదపకూడదు, దేంతోనూ కలపకూడదు. ఎన్‌పీహెచ్ పాలలా ఉంటుంది, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపాలి. గ్లార్జిన్ మబ్బుగా మారిందంటే పారేయండి, ఎంత ఖరీదైనా సరే.

సూది వేసేటప్పుడు పిల్లి కదిలి మందు బొచ్చు మీద పడిందా లోపలికి వెళ్ళిందా అన్న అనుమానం వస్తే మళ్ళీ వెయ్యకండి. తరువాతి పూట దాకా ఆగండి. పిల్లి ఆ పూట తినకపోయినా, వాంతి చేసుకున్నా పూర్తి డోసు వెయ్యకుండా ముందు ఫోన్ చేసి అడగండి. మేం పొద్దున ఆరున్నర, సాయంత్రం ఆరున్నర పెట్టుకున్నాం. ఓ అరగంట అటూ ఇటూ అయితే కొంప మునగదు, కానీ మీ ఉద్యోగం, మీ బస్సు, మీ వంట చూసుకుని ఆ టైము పెట్టుకోండి. డాక్టర్ ఎనిమిది అన్నారని ఎనిమిదే పెట్టుకుని వారంలో నాలుగు రోజులు తొమ్మిదిన్నరకి ఇల్లు చేరేవాళ్ళు ఎక్కువ రోజులు నిలబడలేరు.

కొలవడం: నాలుగు దారులు

ఆసుపత్రిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచి రెండు గంటలకోసారి రక్తం చూడటం ఒకటి. పైన చెప్పాను కదా, భయంతో అంకెలు పెరుగుతాయి. కిట్టయ్యకి ఆసుపత్రిలో 410 చూపించిన వారంలోనే ఇంట్లో అదే సమయానికి 230 ఉంది. ఆ 410 చూసి డోసు పెంచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

మూత్రం స్ట్రిప్స్ ఒకటి. చవక, నొప్పి లేదు. ఇసుక బదులు ట్రేలో ఒక పూట ఏమీ పీల్చని చిన్న గులకరాళ్ళు వేస్తే మూత్రం దొరుకుతుంది. కానీ షుగర్ ఎక్కువైందని చెబుతుందే తప్ప తక్కువైందని ఎప్పటికీ చెప్పదు, మనకి కావాల్సింది అదే. కాబట్టి దీన్ని చూసి డోసు మార్చకూడదు. కీటోన్లు చూపించే స్ట్రిప్ డబ్బా మాత్రం ఒకటి ఇంట్లో ఉండాలి. పిల్లి డల్‌గా ఉండి, తిండి మానేసి, స్ట్రిప్‌లో కీటోన్లు కనబడితే ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, తెల్లవారనిద్దాం అనుకోకూడదు.

చర్మానికి అంటించే సెన్సర్ ఒకటి, ఫ్రీస్టైల్ లిబ్రే లాంటిది. బొచ్చు గొరిగి అంటిస్తారు, పద్నాలుగు రోజులు పనిచెయ్యాలి, ఫోన్ దగ్గర పెడితే అంకె వస్తుంది, నిద్రపోతున్న పిల్లిని లేపక్కర్లేదు. కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టినప్పుడు, లేదా అంకెలు ఏమీ అర్థం కానప్పుడు దీనంత మేలు ఇంకేదీ చెయ్యదు. రాత్రి రెండు గంటలకి షుగర్ ఎక్కడుందో మాకు దీనివల్లే తెలిసింది. కానీ ఖరీదు, పైగా మన ఉక్కలో నిలవడం కష్టం, మా వాడికి తొమ్మిదో రోజుకే ఊడి మంచం కింద దొరికింది. సెన్సర్‌లో మరీ తక్కువ చూపిస్తే చెవి గుచ్చి ఒకసారి సరిచూసుకోవాలి.

ఇక నాలుగోది, నేను ఎంచుకున్నది, నాన్నగారు వాడే మామూలు షుగర్ మిషన్. చెవి అంచున సన్నటి రక్తనాళం కనబడుతుంది. గోరువెచ్చటి గుడ్డ ఓ నిమిషం చెవికి ఆనించి, అంచు మీద కాస్త వాజెలైన్ రాసి, వెనక దూది పెట్టి గుచ్చితే చుక్క గుండ్రంగా నిలబడుతుంది. మొదటి వారం ఇద్దరం పట్టుకున్నాం, ఇప్పుడు నేనొక్కదాన్నే చేస్తాను, అయ్యాక ఉడికించిన చికెన్ ముక్క ఒకటి ఇస్తాను కాబట్టి మిషన్ డబ్బా చప్పుడు వింటే వాడే వస్తాడు.

మనుషుల మిషన్‌తో ఒక చిక్కుంది. పిల్లి రక్తంలో చక్కెర సర్దుకునే తీరు వేరు, అందుకని ఇది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. జంతువుల కోసం చేసిన ఆల్ఫాట్రాక్ లాంటి మిషన్లు సరిగ్గా చూపిస్తాయి, కానీ వాటి స్ట్రిప్స్ ఖరీదు, సమయానికి దొరకవు. స్ట్రిప్స్ అయిపోయి మూలపడ్డ మంచి మిషన్ కంటే, వీధి చివర షాపులో స్ట్రిప్స్ దొరికే మామూలు మిషన్ నయం అన్నది నా గట్టి నమ్మకం. ఎప్పుడూ అదే మిషన్ వాడండి, ఏ మిషనో డాక్టర్‌కి చెప్పండి, అప్పుడు ఆ తేడా కలుపుకుని ఆయన చదువుతారు.

రోజులో షుగర్ బాగా దిగే సమయానికి 80 నుంచి 150 మధ్య ఉంటే డాక్టర్లు సంతోషిస్తారు. సూది వేసే ముందు చూసినప్పుడు అంతకంటే ఎక్కువే ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. 60 కంటే తగ్గితే, ఏ మిషన్ అయినా సరే, అది ప్రమాదంగానే తీసుకోండి. తూలడం, వణకడం, ఒక్కసారిగా ఆబగా తిండి కోసం అరవడం, పిలిస్తే పలక్కపోవడం గుర్తులు. తినగలిగితే వెంటనే తిండి పెట్టండి. తినలేకపోతే తేనె గానీ గ్లూకోజ్ పొడి కలిపిన చిక్కటి నీళ్ళు గానీ వేలితో చిగుళ్ళకి రుద్దండి. ఫిట్స్ వస్తున్న పిల్లి నోట్లో ఏదీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాస్త తేరుకున్నా సరే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే, ఎందుకంటే వేసిన ఇన్సులిన్ ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటుంది.

అంకెలతో పాటు పొద్దున కొలిచి పోసిన నీళ్ళు రాత్రికి ఎన్ని మిగిలాయో, వారానికోసారి బరువెంతో రాసుకోండి. పిల్లిని ఎత్తుకుని బరువు చూసుకుని, దించేసి మళ్ళీ చూసుకుంటే చాలు.

తిండి

పిల్లి అచ్చమైన మాంసాహారి. మా ఇంట్లో వాడికి పొద్దున పెరుగన్నం, మధ్యాహ్నం గుప్పెడు పొడి గింజలు, రాత్రి చేపలకూర ముక్కతో అన్నం. ప్రేమగానే పెట్టాం. కానీ అన్నం ఎలాగూ పిండే, పొడి గింజల్లో కూడా మూడోవంతు దాకా పిండిపదార్థం ఉండటం మామూలే. ప్యాకెట్ మీద ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద శాతాలు కూడి వందలోంచి తీసేస్తే మిగిలేది అదే, కొనే ముందు షాపులోనే లెక్క వేసుకోండి.

షుగర్ పిల్లుల కోసం రాయల్ కెనిన్ డయాబెటిక్, హిల్స్ ఎం/డి, ప్యూరినా డీఎం లాంటివి ఉన్నాయి. కొనగలిగితే మంచిదే. కానీ పొడిదే కొనాలా, ఆ డబ్బుతో మామూలు తడి తిండి ప్యాకెట్లు కొనాలా అంటే నేను పూర్తి పోషకాహారం అని రాసి ఉన్న తడి తిండి వైపే ఉంటాను. పిండి తక్కువ, నీళ్ళు ఎక్కువ. గ్రేవీ చిక్కదనానికి పిండి కలిపిన రకాలు ఉంటాయి, అవి కాకుండా ముద్దలా ఉండేవి చూడండి.

సముద్రం పక్కన ఉన్నాం, కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి వైపు నుంచి తాజా నెత్తళ్ళు, కానాగంతలు వస్తుంటే ప్యాకెట్ ఎందుకు అని అమ్మ అడిగింది, సబబైన ప్రశ్నే. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చేప, చికెన్ షుగర్‌కి చాలా మంచిది. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం, అందుకే కూరలో ముక్క వద్దు. అయితే ఉత్త కండ మీదే బతికితే కాల్షియం చాలదు, ఉడికించిన నీళ్ళు పారబోస్తే మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం పోతుంది, టారిన్ లేకపోతే పిల్లికి గుండె, కళ్ళు దెబ్బతింటాయి. పచ్చి చేప రోజూ పెడితే బీ1 విటమిన్ పోతుంది. ఎండు చేపల్లో ఉప్పు. మేం రాజీపడ్డది ఇలా: రెండు పూటలా తడి తిండి, దాని మీద ఉడికిన చేపో చికెనో కొంచెం, ఆ ఉడికించిన నీళ్ళతో సహా. పెరుగన్నం పూర్తిగా మానిపించాం, అందుకు మా అందరికంటే అమ్మే ఎక్కువ బాధపడింది.

ఇన్సులిన్ వేస్తూ తిండి మార్చేటప్పుడు రోజూ షుగర్ చూడండి, పిండి తగ్గగానే డోసు అవసరం గబుక్కున పడిపోవచ్చు. బరువు తగ్గించాలని పస్తు పెట్టకండి. లంఖణం పరమౌషధం అన్నది పిల్లికి చెల్లదు, లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే లివర్‌కి కొవ్వు పట్టి చచ్చిపోగలదు.

ఏ డాక్టర్, ఎంత దూరం

విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైనే. చిన్న జంతువుల వైద్యంలో బాగా అనుభవం ఉన్నవాళ్ళు అక్కడ ఎక్కువ. చీపురుపల్లి పక్కన గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కూడా అడగండి. మేం చేసింది, మొదటి పరీక్షలకి ఒకసారి విశాఖ, రోజువారీ సంగతులకి ఊళ్ళో డాక్టర్. ఇంట్లో రాసుకున్న అంకెల ఫోటో వారానికోసారి ఇద్దరికీ పంపుతాను. అసలు మొదటి రోజే డాక్టర్‌ని ఒకటి అడగండి: రాత్రిపూట ఫోన్ చేస్తే ఎత్తుతారా? ఈ జబ్బుకి గోడ మీది డిగ్రీల కంటే అది ముఖ్యం.

ఫ్రిజ్, తుఫాను, పండగ

ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఫ్రీజర్‌కి ఆనించకుండా మధ్య అరలో పెట్టండి. తెరిచిన గ్లార్జిన్‌ని బయట ఉంచితే 28 రోజులు, అదీ 30 డిగ్రీల లోపు అయితేనే, మన మే నెలలో ఆ మాటే లేదు. కార్ట్రిడ్జిలో 300 యూనిట్లు ఉంటాయి, పిల్లి రోజుకి రెండు మూడు వాడుతుంది, అందుకని ఫ్రిజ్‌లోనే ఉంచి ఇంకా ఎక్కువ రోజులు వాడించే డాక్టర్లు ఉన్నారు. మీ డాక్టర్ ఏమంటారో అడగండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధికి ఎన్నో రోజులు కరెంటు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళలోనూ అంతే. అప్పటికి మాకు ఈ బాధ లేదు గానీ ఇప్పుడు అక్టోబరు వస్తే ముందే సర్దుకుంటాను. కొత్త మట్టికుండలో అడుగున తడి ఇసుక, దాని మీద గిన్నెలో మూత పెట్టిన డబ్బా, డబ్బాలో ఇన్సులిన్, కుండ చుట్టూ తడిగుడ్డ, గాలి తగిలే నీడలో. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు గానీ ఎండదెబ్బ తగలదు. కరెంటు వచ్చాక ఆ మందు తేటగా ఉన్నా షుగర్ దిగకపోతే కొత్తది తెరవండి. స్ట్రిప్స్, సిరంజిలు ఒక నెలకి సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. పైడితల్లమ్మ సిరిమాను రోజున ఊళ్ళో బండి కదలదు, మందుల షాపు పక్క వీధిలో ఉన్నా చేరలేం.

మేం ఊరెళ్తే ఎవరు వేస్తారన్నది ఆఖరి చిక్కు. విశాఖలో పిల్లుల్ని ఉంచుకునే చోట్లు ఉన్నాయి, కానీ కొత్త చోట వాడు తినడు, తినకుండా సూది వేస్తే షుగర్ పడిపోతుంది. అందుకని ఎదురింటి అక్కకి నేర్పాను. నెల రోజులపాటు ఆదివారం ఆదివారం వచ్చి ముందు ఉత్త ఉప్పునీళ్ళ సిరంజితో బత్తాయి మీద, తరువాత నేను పక్కనుండగా కిట్టయ్యకి వేసింది. మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది: నారింజ మూత సిరంజి మాత్రమే, ఒకటిన్నర గీత, తిన్నాకే, 150 లోపు ఉంటే వెయ్యకుండా నాకు ఫోన్, అనుమానం వస్తే మళ్ళీ వెయ్యొద్దు, తేనె సీసా పై అరలో కుడిపక్క. కింద డాక్టర్ నంబరు పెద్ద అక్షరాలతో. మొన్న సంక్రాంతికి మూడు రోజులు బొబ్బిలి వెళ్ళొస్తే అక్క ఆరు పూటలా టైము, అంకె, ఎంత తిన్నాడో అన్నీ అదే కాగితం మీద పెన్సిల్‌తో రాసి పెట్టింది.